ఫోటోలో పడ్డ నావ

తెల్లగట్టు వెళ్ళినవాళ్ళెవరూ ఊరు చూడరు, గట్టు చూసి వస్తారు. చూడకుండా ఉండలేం మరి. సముద్రం ఒడ్డున మూడు తాటిచెట్ల ఎత్తున, మైలు పొడవున, ఎవరో సున్నపుముద్ద తెచ్చి గోడ పెట్టినట్టు నిలబడి ఉంటుంది ఆ సుద్దమట్టి గట్టు. దాని కింద ఇసుక, ఇసుక మీద నలభై గడపల పల్లె. పల్లెవాళ్ళకి మాత్రం ఆ గట్టుతో ఉన్న పనులు రెండే. ఆడవాళ్ళు పండగలకి మట్టి తవ్వుకొచ్చి అరుగులు అలికేవారు. మగవాళ్ళు దాన్ని చూసుకుని ఇంటికొచ్చేవారు.

ఈ రెండో సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. ఊరికెదురుగా సముద్రంలో, గట్టిగా కేకేస్తే వినపడేంత దూరంలో, నీళ్ళకింద ఒక రాళ్ళవరస ఉంది. పైకి ఏమీ తెలియదు. ఆ వరసలో ఒక్కచోట మాత్రం నావ పట్టేంత సందు. గట్టు మీద ఊట కారీ కారీ ఒకచోట నల్లటి చార పడింది. ఆ చారకి వెనకాల, గట్టు నెత్తిన, ఒంటితాడి ఉంది. సముద్రంలోంచి వచ్చేవాడికి చారా తాడీ ఒకే వరసలోకి వచ్చాయంటే నావ సందుకి సూటిగా ఉన్నట్టు. చార పక్కకి జరిగిందా, నావ రాయి మీదికి పోతున్నట్టు. తాతలనాటినుంచి ఆ ఊళ్ళో అందరూ అలాగే వచ్చి అన్నం తింటున్నారు.

తెడ్డు మసేనయ్యకి అరవై దాటాయి. ఊరంతా ఫైబర్ బోట్లకి మారినా, ఆయన తన తండ్రి చేయించిన చెక్కనావని వదల్లేదు. చెక్కనావ తడిగా ఉన్నన్నాళ్ళే నావ. ఎండకి వదిలేస్తే చెక్కలు ముడుచుకుపోయి, అతుకులు విచ్చుకుపోయి, చివరికి పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. అందుకని ఏటా వేట నిషేధం పెట్టే రెండు నెలలూ మసేనయ్య దానికి పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు పోసేవాడు, గేదెని కడిగినట్టు. నా నెత్తిన ఒకనాడైనా చెంబుడు నీళ్ళు పోశావా అని ఆయన పెళ్ళాం కాసులమ్మ దెప్పుతుండేది.

ఒక ఏడు మెడలో కెమెరా వేసుకుని ఎవరో ఒకాయన వచ్చాడు. బోటు మాట్లాడుకుని సముద్రంలోకి పోయి, అక్కడినుంచి గట్టుని ఒక్క ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఫోటోలో తెల్లటి గట్టు, నీలం సముద్రం, ఇసుక మీద ఎర్రరంగు అంచు వేసిన మసేనయ్య నావ, నావలో పాతిన వెదురుకి ఆరేసిన ఆయన నీలం చొక్కా, పక్కన నడుం వంచి చేపలు ఎండబెడుతున్న కాసులమ్మ పడ్డారు. నల్లచార మాత్రం లేదు. మరకనుకుని ఫోటో ఆయనే దాన్ని చెరిపేశాడు.

ఆ ఫోటో క్యాలెండర్లెక్కింది, బస్సుల వీపులెక్కింది, అందరి ఫోన్లలోకీ ఎక్కింది. జనం రావడం మొదలెట్టారు. గట్టు చూసి, పక్కనున్న పావురాలగుహలోకి తొంగిచూసి, పాత దీపస్తంభం ఎక్కి దిగి, ఉప్పుమళ్ళలో చెప్పులు పోగొట్టుకుని వెళ్ళిపోయేవారు. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు.

అప్పుడు ఏదో ఊరినుంచి వచ్చిన ఒక కుటుంబం పైకి ఫిర్యాదు రాసింది. ఫోటోలో నావ ఉంది, మేం వెళ్ళేసరికి లేదు. ఫోటోలో ముసలావిడ వంగి ఉంది, మేం చూసినప్పుడు నిటారుగా నిలబడి మా పిల్లల్ని తిట్టింది. కాబట్టి ఇది మోసం, అని.

తీర దృశ్య పరిరక్షణ సంస్థ అని ఒక ఆఫీసు ఉండేది. అది పుట్టిన దగ్గర్నుంచి పని కోసం ఎదురుచూస్తోంది. ఫిర్యాదు అందగానే మూడు రోజులు తలుపులేసుకుని కూర్చుని ఒక నియమం తయారుచేశారు. ఫోటో అనేది ఒకసారి ప్రభుత్వ ముద్ర పడి బయటికెళ్ళాక మారదు. కాబట్టి మారవలసింది దృశ్యమే. దృశ్యం ఫోటోకి సరిపోవలెను. అంతే నియమం.

దాన్ని అమలు చేయడానికి జానకీనాథ్ అనే అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ నలగకుండా కూర్చోగలడు. తలుపంత పెద్దదిగా చేయించిన ఫోటోని ఇద్దరిచేత మోయించుకొచ్చాడు. టేపు తెచ్చాడు, సుత్తి తెచ్చాడు, మేకులు తెచ్చాడు. వెంట ఊరి వీఆర్వో సన్యాసినాయుడు ఉన్నాడు. ఇద్దరూ ఫోటోని ఇసుకలో నిలబెట్టి, దానికేసీ నావకేసీ చూసుకుంటూ, అటు జరపండి ఇటు జరపండి అంటూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నావని నానా తిప్పలూ పెట్టించారు. చివరికి సరిపోయింది. నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టారు.

"మసేనయ్యగారూ, ఇందుమూలముగా మీకు తెలియజేయడమేమనగా, ఇది ఇకమీదట నావ కాదు. ఒకటో నంబరు దృశ్యాంశము" అన్నాడు జానకీనాథ్.

"అలగేనండి. మరి నానేటి సెయ్యాల బాబూ?"

"మీరేమీ చేయనక్కరలేదు. ఏమీ చేయకుండా ఉంటానని ఇక్కడ సంతకం చేస్తే చాలు."

అది మే నెల. వేట నిషేధం రోజులు. ఊళ్ళో బోట్లన్నీ ఎలాగూ ఇసుక మీదే పడుకుని ఉన్నాయి. ఇంతోటిదానికి గవర్నమెంటువారు తాడు కూడా కట్టి కాపలా కాస్తామంటే వద్దనడమెందుకని మసేనయ్య కూడబలుక్కుంటూ సంతకం పెట్టేశాడు. ఇంటికెళ్ళి కొంచెం గొప్పగానే చెప్పాడు.

కాసులమ్మ వంకాయ తరుగుతూ విన్నది. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"ఎన్నాళ్ళకని అడిగినావా మావా?"

అడగలేదు.

నావ అయ్యాక చొక్కా వంతు వచ్చింది. అది మూడో నంబరు. మసేనయ్యకి ఉన్నవి మూడు చొక్కాలు, అందులో పెళ్ళిళ్ళకి వేసుకునేది అదే. అది వెదురు మీద ఎడమచెయ్యి కిందికీ కుడిచెయ్యి గాలికీ ఉండేట్టు రోజంతా వేలాడాలి. ఒకరోజు ఈదురుగాలికి ఎగిరిపోతే ఆఫీసు పట్నంనుంచి అచ్చం అలాంటిదే ఇంకోటి తెప్పించింది. దానికి జేబు కుడివైపు ఉందని మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. ఈలోగా అసలు చొక్కా ఉప్పుమళ్ళలో దొరికింది. దాన్ని మళ్ళీ కట్టేశారు.

రెండో నంబరు కాసులమ్మ. ఆమెని తొమ్మిదింటినుంచి ఐదింటిదాకా వంగి ఉండమన్నారు. ఎంత వంగాలో జానకీనాథ్ బడి పంతులుదగ్గర కోణమాని అరువు తెచ్చి కొలిచి చెప్పాడు. నడుం నాదైనప్పుడు డిగ్రీలు మీవెలా అవుతాయి బాబూ అని ఆమె అడిగింది. జానకీనాథ్ ఆ ప్రశ్నని రాసుకుని పైకి పంపిస్తానన్నాడు. ఎలాగూ చేపలు ఎండబెట్టడానికి వంగక తప్పదు కనక ఆమె వంగింది. మధ్యాహ్నం అరగంట నడుం ఎత్తవచ్చు. ఆ అరగంటా అక్కడ ఒక బోర్డు వేలాడేది: రెండవ అంశము భోజన విరామములో ఉన్నది.

నెల తిరిగేసరికి ఆమెకి నడుం పట్టేసి ఆసుపత్రికి పోవాల్సివచ్చింది. ఆరోజు ఏదో కాలేజీ పిల్లలు మూడు బస్సుల్లో వస్తున్నారు. జానకీనాథ్ నియమాల పుస్తకం తిరగేసి, అంశము గైర్హాజరైనచో స్థానిక రెవెన్యూ సిబ్బంది ఆ బాధ్యత నిర్వర్తించవలెను అని తేల్చాడు. స్థానిక రెవెన్యూ సిబ్బంది అంటే ఒక్క సన్యాసినాయుడే. పాపం ఆయన మీసాలమీదుగా ముసుగు లాక్కుని, కాసులమ్మ గళ్ళచీర కట్టుకుని, సాయంత్రం దాకా వంగి చేపలు తిరగేశాడు. అంకితభావం చూపినందుకు ఆఫీసు ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం అప్పటినుంచి ఆయన్ని నాయుడొదినా అని పిలవడం మొదలెట్టారు.

ఫోటోలో కెరటం నావకి పన్నెండు గజాల దూరంలో ఆగింది. పోటు వేళ సముద్రం ఆ గీత దాటి వచ్చేస్తుంటే జానకీనాథ్ కొంచెం ఆలోచించాడు. సముద్రానికి నోటీసు ఇవ్వడానికి నియమాల్లో వీలు లేదు. అందుకని పోటు వేళ దృశ్యము మూసివేయబడును అని బోర్డు పెట్టి, అడ్డంగా తాడు కట్టించి, వచ్చినవాళ్ళని వెనక్కి తిరిగి నిలబడమనేవాడు.

జూన్ పదిహేనున వేట తెరిచారు. మసేనయ్య తెల్లవారకముందే తలకి తుండు చుట్టుకుని, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, వల భుజానేసుకుని వెళ్ళాడు. తాడు విప్పబోతే సన్యాసినాయుడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పీకురా మసేనూ. నా ఉద్యోగం పోద్ది."

"ఏట తెరిసినారు గదా నాయుడుబాబు?"

తొమ్మిదింటికి జానకీనాథ్ వచ్చి సంగతి వివరించాడు. నిషేధం ఎత్తేసినది మత్స్యశాఖ. ఇది దృశ్యానికి సంబంధించిన విషయం. చేపలు పట్టడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉన్నది, నావని కదపడానికి మాత్రం లేదు. మేకుల లోపల ఉన్న అంశాన్ని బయటికి తీయాలంటే కమిషనర్‌గారు స్వయంగా లిఖితపూర్వకంగా సంతకం చెయ్యాలి. కమిషనర్‌గారు ఏటా ఒకసారి వస్తారు. వచ్చినప్పుడు అర్జీ పెట్టుకోండి.

కళ్ళముందే ఊరి బోట్లన్నీ వెళ్ళిపోయాయి. ఆ వారం కవ్వళ్ళ చేపలు గుట్టలుగా పడ్డాయి. మసేనయ్య ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేసిపెట్టాడు. సాయంత్రం కడవ తీసుకుని నావకి నీళ్ళు పోయబోతే మెమో ఇచ్చారు. తడిసిన చెక్క నల్లగా కనపడుతుంది, ఫోటోలో చెక్క ఎండి ఉన్నది, కావున సదరు అంశమును తడపరాదు.

ఇది మాత్రం ఆయనకి గుండెల్లో దిగింది. ఎండలు ఆ ఏడు ఆషాఢం వచ్చినా తగ్గలేదు. రోజూ వెళ్ళి తాడు ఇవతల నిలబడి చూసేవాడు. ఎర్రరంగు పొలుసులు లేస్తోంది. అతుకులు ఇంకెంత విచ్చుకున్నాయో దగ్గరికెళ్ళి చూసే ధైర్యం లేకపోయింది. ఇంకో నెలుంటే నావ ఉండదని ఆయనకి తెలుసు. అన్నం సహించడం మానేసింది. రాత్రి వంటిల్లు సర్దుతూ కాసులమ్మ ఏదో చెప్పబోయి ఊరుకునేది. చెబితే ఈయన సంతోషం పట్టలేక నలుగురిలో వాగేస్తాడని ఆమె భయం. ఎందుకో తెలియదుగాని నావ చుట్టూ పిల్లులు చేరడం మొదలెట్టాయి. ఫోటోలో పిల్లులు లేవు కనక సన్యాసినాయుడు కర్ర పట్టుకుని వాటిని అదిలించే పని కూడా నెత్తినేసుకున్నాడు.

తర్వాత వానలొచ్చాయి, గాలితో కలిసి గట్టు మీదనే కొట్టాయి. గట్టు ముఖమంతా బురదకారి గోధుమరంగుకి తిరిగింది. నావకి నాలుగు చుక్కలు తగిలాయని మసేనయ్య సంబరపడేలోపే దాని మీద పట్టా కప్పేశారు. పన్నెండుమంది కూలీలు, రెండు లారీల సున్నం దిగాయి. మైలు పొడవు సుద్దగట్టుకి సున్నం వేయడం మొదలైంది. తెల్లదానికి తెల్లరంగు వేయడం చూడ్డానికి కూడా జనం వచ్చారు.

కూలీలు తాళ్ళమీద వేలాడుతూ నల్లచార దగ్గరికి రాగానే మసేనయ్య ఉన్నచోటునుంచి లేచాడు. జానకీనాథ్ దగ్గరికెళ్ళి, చార సంగతి, తాడి సంగతి, రాళ్ళవరస సంగతి నిదానంగా మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు. జానకీనాథ్ కూడా అంతే నిదానంగా విన్నాడు. విని, తలుపంత ఫోటో దగ్గరికి తీసుకెళ్ళి, చారని చూపించమన్నాడు.

"ఇందులో లేదండి. సెరిపేసినారు."

"ఫోటోలో లేనిది గట్టు మీద ఉండడానికి వీల్లేదు మసేనయ్యగారూ. ఉన్నచో అది ఆక్రమణ."

చార మీద మూడు పూతలు వేశారు. మర్నాడే రెండు బోట్లు రాళ్ళకి రాసుకుని తప్పించుకున్నాయి. ఇంక ఊరివాళ్ళు అక్కడ దిగడం మానేసి, నాలుగు మైళ్ళు దక్షిణాన పక్క ఊరి రేవులో బోట్లు పెట్టుకుని, చేపల గంపలతో నడిచి రావడం మొదలెట్టారు. తెల్లగట్టు ఒడ్డున మిగిలింది మసేనయ్య నావ ఒక్కటే. ఫోటోలో కూడా ఒక్కటే ఉంది కనక జానకీనాథ్ దీన్ని ప్రగతి కింద రాసుకున్నాడు.

కమిషనర్‌గారు వచ్చే రోజు రానేవచ్చింది. మసేనయ్య సన్యాసినాయుడిచేత అర్జీ రాయించుకుని, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, రొంటిన దోపుకున్నాడు. కమిషనర్‌గారు భారీ మనిషి. దిగీదిగగానే చిన్న ఫోటో చేత్తో పట్టుకుని అన్నీ సరిచూడడం మొదలెట్టారు. నావ ఉంది, చొక్కా ఉంది, కాసులమ్మ వంగే ఉంది. అయినా ఆయన మొహం విప్పారలేదు.

"ఛాయాచిత్రము సముద్రమునుండి తీయబడినది. నేలమీద నిలబడి సరిచూచుట తనిఖీ ఎట్లా అవుతుంది?" అన్నారు.

నిజమే మరి. ఆఫీసువారి మరబోటు ఒకటి పట్నంనుంచి తెప్పించారు. దాన్ని నడిపేవాడు పట్నంవాడు, ఈ నీళ్ళు తెలియవు. దారి చూపించడానికి మసేనయ్యని ఎక్కమన్నారు. చార లేదు, నేను దారి చెప్పలేను అని ఆయన మొదట అడ్డంగా తల ఊపాడు. కాని కమిషనర్‌గారి పక్కన అరగంట కూర్చోవడానికి మళ్ళీ ఏడాది ఆగాలి, నావ అన్నాళ్ళు ఆగదు. ఎక్కాడు. ఒడ్డునుంచి పోయేటప్పుడు సందు సరిగ్గా తన ఇంటి గుమ్మానికి ఎదురుగా ఉంటుంది కనక వెళ్ళడం వెళ్ళారు. బోటులో కమిషనర్‌గారు, ఆయన వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు, పట్నం డ్రైవరు, మసేనయ్య. జానకీనాథ్ ఒడ్డున అంశాల్ని చూసుకోవడానికి ఆగిపోయాడు.

వరస దాటాక మసేనయ్య అర్జీ తీశాడు. ఒడ్డుకి చేరాక చూద్దాం అన్నారు కమిషనర్‌గారు, ఫోటోమీదనుంచి కళ్ళెత్తకుండా. గట్టు ఇంకా ఫోటోకి సరిపోవడం లేదు. కొంచెం ఎడమకి. ఇంకొంచెం. కొద్దిగా ఒడ్డువైపు.

"బాబూ, అటేపు రాళ్ళున్నాయి" అన్నాడు మసేనయ్య.

కమిషనర్‌గారు ఫోటోని ఆయన ముందు పెట్టారు.

"చూడండి. ఇక్కడ అంతయూ నీలమే. రాయి ఎక్కడున్నది?"

రాయి ఎక్కడుందో అడుగునుంచి వినపడింది. నీళ్ళని తోసే ఫంకా విరిగిపోయి మరబోటు ఒకసారి గిర్రున తిరిగింది. మసేనయ్య లంగరు విసిరాడు కాబట్టి ఆగింది గాని, గాలి లేస్తోంది, లంగరు మెల్లిమెల్లిగా జారుతోంది, వెనకాల నీళ్ళు రాళ్ళమీద తెల్లగా నురుగు కక్కుతున్నాయి. కమిషనర్‌గారు పొద్దున తిన్న పెసరట్టు సముద్రానికి సమర్పించి, బోటు అడుగున చతికిలబడ్డారు.

ఒడ్డున అప్పుడు ఏం జరిగిందో కాసులమ్మ తర్వాత వారంరోజులు చెప్పింది. ఊరి బోట్లన్నీ పక్క రేవులో ఉన్నాయి. ఉన్నది మేకుల మధ్య నావ ఒక్కటే. వేటకి పోలేక ఇంట్లో ఉన్న నలుగురు ముసలాళ్ళూ తెడ్లు పట్టుకుని వచ్చేశారు. జానకీనాథ్ తాడుకి అడ్డంగా నిలబడ్డాడు. అంశాన్ని కదపాలంటే కమిషనర్‌గారి సంతకం కావాలి, కమిషనర్‌గారేమో అక్కడ ఉన్నారు. ఉండండి, సంతకం తీసుకొస్తాను, అన్నాడు. ఫైలు తడవకుండా రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని, ప్యాంటు కూడా మడవకుండా సముద్రంలోకి నడిచిపోయాడు. నడుం లోతుకి వెళ్ళాక ఇంక ముందుకు పోలేక, వెనక్కి రాలేక, అక్కడే నిలబడి సార్ సార్ అని పిలవడం మొదలెట్టాడు.

కాసులమ్మ నడుం ఎత్తింది. ఇంకా భోజనం వేళ కాలేదని సన్యాసినాయుడు గుర్తుచేశాడు.

"అది మీకు అంశం నాయుడొదినా. ఆ నీళ్ళ మీద ఉన్నోడు నా మొగుడు. తాడు నువ్విప్పుతావా, నన్నిప్పమంటావా?"

సన్యాసినాయుడు ఒక్క క్షణం జానకీనాథ్ వైపు చూసి, ఆయన వీపు ఇటు ఉందని చూసుకుని, తాడు విప్పేశాడు. ఆడవాళ్ళంతా కలిసి, చొక్కాతో సహా వెదురు పీకి ఇసుకలో పడేసి, నావని తోశారు. నావ నీళ్ళల్లో పడింది. ముసలాళ్ళు తెడ్లు వేశారు. కాసులమ్మ అక్కడ ఆగలేదు. నావలకి పూసే తారు డబ్బా ఒకటి నెత్తిన పెట్టుకుని, గట్టు వెనక దారిన ఎక్కిపోయి, తాడిచెట్టుకి సూటిగా నిలబడి, గట్టు అంచునుంచి కిందికి వంపేసింది. తెల్లటి సున్నం మీద తారు నల్లగా చారకట్టి జారుకుంటూ వచ్చింది.

బోటులోంచి మసేనయ్య ముందు చారని చూశాడు. దాని పైన చీమంతగా పెళ్ళాన్ని చూశాడు. ఆ తర్వాత తమవైపు వస్తున్న నావని చూశాడు. ఎర్ర అంచు కెరటం మీద లేచి పడుతోంది. పక్కనున్న ఫోటోగ్రాఫరు ఇంక తాను బతకనని నిశ్చయించుకుని, అలవాటుకొద్దీ కెమెరా ఎత్తి నొక్కాడు.

నావ దగ్గరికొచ్చింది. నలుగురినీ ఎక్కించుకున్నారు. మసేనయ్య చుక్కాని పట్టుకోకముందే వంగి అడుగున అరచెయ్యి పెట్టాడు. రెండున్నర నెలలు ఎండిన చెక్క. నీళ్ళు చిమ్ముకొస్తాయని తోడిపోయడానికి డొప్ప కూడా వెతుకుతున్నాడు. నీళ్ళు ఊరడం లేదు, చెక్క చెమ్మగా ఉంది. అతుకులు బిగిసి ఉన్నాయి. చేతికి మాత్రం చేపలు కడిగిన ఉప్పునీళ్ళ వాసన వచ్చింది. అప్పుడు అర్థమైంది ఆయనకి, పిల్లులు ఎందుకు తిరుగుతున్నాయో. బయట తడపరాదన్నారు, తడపలేదు. లోపల ఫోటోలో పడలేదు. వంగి ఉన్న మనిషి చేపల కుండ పక్కనున్న నావలోకి వంపితే ఎవరు చూస్తారు, రోజుకి నాలుగుసార్లు. మసేనయ్య ఆ చెయ్యి మొహానికి రాసుకున్నాడు. కమిషనర్‌గారు అదేదో గంగపూజనుకుని తానూ రాసుకున్నారు.

చార తాడి కిందికి వచ్చేదాకా ఆగి, వచ్చాక ఒక్క మాట చెప్పాడు, తెడ్లు పడ్డాయి, నావ సందులోంచి దారం సూదిలోంచి వచ్చినట్టు ఇవతలికి వచ్చింది.

ఇసుక మీద ఒక జాముసేపు వెల్లకిలా పడుకున్నాక కమిషనర్‌గారికి అధికారం తిరిగి వచ్చింది. చుట్టూ చూశారు. గట్టు మీద చార, మేకుల మధ్య ఖాళీ, వంగవలసినావిడ నిటారుగా ఉంది. ఏదీ ఫోటోకి సరిపోవడం లేదు. ఈ సంగతి పైకి తెలిస్తే తనిఖీ చేసినవారికే చుట్టుకుంటుంది. అప్పుడు ఫోటోగ్రాఫరు తను తీసినది చూపించాడు. దాన్ని చాలాసేపు చూశారు. అందులోనూ గట్టు మీద చార ఉంది, మేకుల మధ్య ఖాళీగానే ఉంది, వంగిన మనిషి లేదు.

"నియమము ప్రకారము దృశ్యము, ఛాయాచిత్రము ఒక్కటిగా ఉండవలెను. ఇకమీదట ఇదియే అధికారిక ఛాయాచిత్రము" అని చెప్పి, తడిసిన వేళ్ళతోనే సంతకం చేశారు. మసేనయ్య అర్జీ విప్పే అవసరమే రాలేదు.

పదిరోజులకి కొత్త ఉత్తర్వులు వచ్చాయి. సన్యాసినాయుడు ఇసుకలో నిలబడి ఊరందరికీ చదివాడు. ఒకటవ అంశమైన నావ ఉదయము తొమ్మిది నుండి సాయంత్రము ఐదు వరకు సముద్రముమీదనే ఉండవలెను, ఒడ్డున కనిపించినచో చర్య తీసుకొనబడును. గట్టుమీది నల్లచార ప్రతి నెలా తారుతో నూతనపరచవలెను. చొక్కా కొత్త ఛాయాచిత్రములో లేనందున యజమానికి తిరిగి ఇవ్వవలెను. గట్టుమీద డబ్బాతో నిలబడిన స్త్రీ చీమంత మాత్రమే కనిపించుచున్నందున, చీర కట్టిన పూర్వానుభవము గల రెవెన్యూ సిబ్బంది సదరు బాధ్యత నిర్వర్తించవలెను. ఇక్కడికి వచ్చేసరికి ఆయన కాగితం దించాడు. ఆడవాళ్ళు మంచినీళ్ళిచ్చారు. తాగి, చివరి అంశం చదివాడు. నడుము లోతు నీటిలో, రెండు చేతులతో ఫైలును శిరస్సుపైకి ఎత్తి నిలబడిన అధికారి, తొమ్మిది నుండి ఐదు వరకు.

ఊరి బోట్లు మళ్ళీ తెల్లగట్టు రేవుకే వచ్చేశాయి. మసేనయ్య తెల్లారి పోయి కానాగంత చేపలో కోనాములో పట్టుకుని మధ్యాహ్నానికే వెనక్కి వస్తాడు. ఐదింటిదాకా ఒడ్డున కనపడకూడదు కనక చేపలు ఇంకో బోటుకి అందించేసి, నావని సందు ఇవతల ఆపుకుని చుట్ట వెలిగిస్తాడు. అక్కడికి నాలుగు బారల దూరంలో జానకీనాథ్ ఉంటాడు. ఒడ్డున జనం ఫోన్లు ఎత్తి ఫోటోలు తీస్తుంటారు. మొదట్లో ఆయన మాట్లాడేవాడు కాదు. ఒకరోజు మాత్రం, చేతులు దించకుండానే, పెదాలు కదపకుండా అడిగాడు.

"మసేనయ్యగారూ. ఇది ఎన్నాళ్ళకో ఉత్తర్వుల్లో రాయలేదు. మీకేమైనా తెలుసా?"

"సంతకం ఎట్టినప్పుడు తమరడగలేదా బాబూ?"

అడగలేదు.

ఎండ నడినెత్తిమీద ఉంది. జానకీనాథ్ మెడమీద తోలు పొలుసులు లేస్తోంది. మసేనయ్య ఆయన్ని కాసేపు చూశాడు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, నావని ఒక్క తెడ్డుతో దగ్గరికి తెచ్చి, అడుగున ఉన్న కడవ తీసి సముద్రంలో ముంచాడు.

"కదలకండి బాబూ. ఎండకి అతుకులిచ్చుకుపోతాయి" అని, ఫైలు తడవకుండా, నెత్తిమీదినుంచి నిదానంగా పోశాడు.